సైటులో నేరేడు, గేటు బయట తురాయి: బెంగళూరులో చెట్టు తీయాలన్నా, బదులు నాటాలన్నా రూల్స్ ఏంటి?

కగ్గదాసపుర వాణి | జనవరి 17, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. టెన్షన్‌లో ఉన్నాను, పొడుగైతే ఏమనుకోకండి.

పోయిన ఏడాది కగ్గదాసపురలో ఒక పాత ఇల్లు కొన్నాం. 30×40 అడుగుల సైటు. ఉగాది తర్వాత పడగొట్టి కొత్తది కట్టుకోవాలని ప్లాన్. ముందు వైపు ఈశాన్యం మూల, కాంపౌండ్ గోడకు నాలుగడుగుల లోపల, ఒక నేరేడు చెట్టు ఉంది. నేను రెండు చేతులూ చాపి పట్టుకున్నా అందదు, అంత మాను. వెనకాల ఒక కొబ్బరి చెట్టు. గేటు బయట ఫుట్‌పాత్ మీద ఒక తురాయి, అంటే గుల్‌మొహర్.

కాంట్రాక్టర్ వచ్చి చూసి, "ఆదివారం పొద్దున్నే నలుగుర్ని పంపుతాను మేడం, తొమ్మిదికల్లా మూడూ నేలమట్టం అయిపోతాయి, ఆదివారం ఆఫీసులుండవు కాబట్టి అడిగేవాళ్ళుండరు" అన్నాడు. తురాయి ఫుట్‌పాత్ మీద ఉంది కదా అంటే, డ్రిల్లుతో మొదట్లో కన్నాలు పెట్టి యాసిడ్ పోస్తే రెండు నెలల్లో అదే ఎండిపోతుందని చెప్పాడు. ఆ మాట వినగానే నాకు కడుపులో తిప్పినట్టయింది. పర్మిషన్ అంటే నెలలు పడుతుందేమో అని మా ఆయన భయం. మా అత్తగారికి ఈశాన్యంలో పెద్ద చెట్టు ఉండకూడదని పట్టింపు. మా పాప మాత్రం పోయిన జూన్‌లో ఆ చెట్టు కింద కూర్చుని నాలుక నల్లగా అయ్యేదాకా పళ్ళు తిన్నది.

ఏ చెట్టుకు పర్మిషన్ కావాలి? ఎవరిని అడగాలి? ఒకవేళ తీయాల్సి వస్తే బదులు మొక్క ఎక్కడ పెట్టాలి? 30×40లో ఇల్లు కట్టాక మిగిలేది ఎంత చోటని?

కడప సివిల్ | జనవరి 17, రాత్రి 11:05

అక్కా, ముందు ఆ కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి ఆదివారం ఎవర్నీ పంపొద్దని గట్టిగా చెప్పండి. వాట్సాప్‌లో రాసి కూడా పెట్టండి. నేను 14 ఏళ్ళుగా ఇక్కడ సైట్లలో పని చేస్తున్నా. ఏదైనా తేడా వస్తే నోటీసు ఖాతాలో, అంటే ఇంటి మున్సిపల్ రికార్డులో, పేరున్న వాళ్ళకే వస్తుంది. చెట్టు కొట్టినవాడు ఆ టైముకు ఇంకో సైటులో ఉంటాడు.

కొబ్బరికి పర్మిషన్ అక్కర్లేదు. నేరేడుకు కావాలి. ఫుట్‌పాత్ మీది తురాయి మీది కానే కాదు, దాన్ని ముట్టుకునే హక్కు మీకు లేదు.

లాల్‌బాగ్ తాత | జనవరి 18, ఉదయం 6:15

వాణి అమ్మా, సివిల్ బాబు చెప్పింది అక్షరాలా నిజం. నేను తోటల పనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. తెలిసినంత వివరంగా చెబుతాను.

మన దగ్గర ఉన్నది కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976. సెక్షన్ 8 ప్రకారం సొంత స్థలంలో ఉన్న చెట్టయినా వృక్షాధికారి (ట్రీ ఆఫీసర్) ముందస్తు అనుమతి లేకుండా తీయకూడదు. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది: కొబ్బరి, సరుగుడు, నీలగిరి, సిల్వర్ ఓక్, సుబాబుల్ లాంటివి. మీ నేరేడు వీటిలో లేదు.

కొట్టడమంటే రంపంతో మొదలంటా నరకడమొక్కటే కాదు. చుట్టూ బెరడు వలిచేయడం, కొమ్మలన్నీ మోడు చేయడం, మందు పోసి చంపడం, కాల్చడం, అన్నీ ఆ చట్టం లెక్కలో కొట్టడమే. ఆ యాసిడ్ మాట ఇంకెప్పుడూ మీ వాకిట్లో ఎవరి నోటా రానివ్వకండి. దానివల్ల మట్టీ పాడవుతుంది, లోపల కుళ్ళిన చెట్టు ఏ గాలివానకో దారినపోయే మనిషి మీద పడుతుంది.

చెట్టు చచ్చిపోయినా, జబ్బుపడినా, గాలికి ఒరిగినా, ప్రాణానికో ఆస్తికో ప్రమాదంగా ఉన్నా, రాకపోకలకు అడ్డమైనా, పిడుగుకో నిప్పుకో బాగా దెబ్బతిన్నా అనుమతి నిరాకరించకూడదని చట్టమే చెబుతోంది. ఆ కారణాల్లో వాస్తు లేదు, ఆకులు రాలుతున్నాయన్నది లేదు, కారు పార్కింగ్ లేదు. ఇల్లు కట్టుకోవడానికి అడ్డమని మీరు అడగొచ్చు. వాళ్ళు వచ్చి చూసి, నిజంగా తప్పదా అని తేల్చి ఇస్తారు, లేదా ఇవ్వరు.

ముందు మీ ఇంజనీర్ దగ్గర కూర్చుని ప్లాన్ మీద ఆ చెట్టును గుండ్రంగా గీయించండి. చాలా ప్లాన్లలో చెట్టే ఉండదు. గీతలో లేని చెట్టు కట్టేటప్పుడు అడ్డంగానే కనిపిస్తుంది.

బాల్కనీ తులసి | జనవరి 18, ఉదయం 9:30

అందరూ చెట్టు వైపే మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా చెబుతాను. పోయిన ఏప్రిల్‌లో మొదటి గాలివానకు మా వీధిలో తురాయి కొమ్మ విరిగి మా ఆయన స్కూటర్ మీద పడింది. భుజానికి 11 కుట్లు. రెండు నెలలు చెయ్యి పైకి లేవలేదు. ఆ కొమ్మ ఎండిపోయి ఉందని వీధి మొత్తానికి తెలుసు, ఎవరూ ఎక్కడా చెప్పలేదు. చెట్లంటే నాకూ ఇష్టమే, మా బాల్కనీ నిండా మొక్కలే. కానీ మబ్బు పట్టిందంటే ఇప్పటికీ ఆయన ఇల్లు చేరేదాకా నాకు మనసు మనసులో ఉండదు. వాణి గారూ, ఆ తురాయిని ఒకసారి సరిగ్గా చూపించండి.

లాల్‌బాగ్ తాత | జనవరి 18, ఉదయం 11:40

తులసి అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. ఆయన భుజం ఇప్పుడు బాగుందనుకుంటాను.

తురాయి, కాపర్ పాడ్, ఆఫ్రికన్ టులిప్, ఈ మూడూ చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ కలప పెళుసు. దానికి తోడు మనం చేసేదీ ఉంది. కాలువ తవ్వేటప్పుడు ఒక పక్క వేళ్ళన్నీ కోసేస్తాం. కేబుల్ గొయ్యికి ఇంకో పక్క కోస్తాం. మొదలు చుట్టూ సిమెంటు పోసి గాలీ నీరూ ఆపేస్తాం. వైర్ల కోసం ఒక పక్క కొమ్మలే కొట్టి బరువంతా రెండో పక్కకు వదిలేస్తాం. అలాంటి చెట్టు మే నెల గాలివానకు తట్టుకోలేదు.

వాణి అమ్మా, గుర్తుపట్టడం ఇలా. మొదలు దగ్గర పుట్టగొడుగులు గానీ, గట్టి చెక్కలాంటి బూజు గానీ ఉందా? కర్రతో తడితే డొల్ల శబ్దం వస్తుందా? ఒక పక్క నేల కొత్తగా పైకి లేచిందా? చిగురు లేని లావు కొమ్మలున్నాయా? ఉంటే ఫొటోలు తీసి నగరపాలక హెల్ప్‌లైన్ 1533కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ప్రమాదకరమైన కొమ్మ ఒక్కటి తీసినా చాలాసార్లు చెట్టు నిలబడుతుంది.

మూడో తరం | జనవరి 18, మధ్యాహ్నం 2:10

మా తాత మదనపల్లి నుంచి హలసూరుకు వచ్చినప్పటి నుంచి మాది ఈ ఊరే. అందుకే ఒక మాట చెప్పాలనిపించింది.

వాణి గారు ఒక నేరేడు కోసం ఇంత ఆలోచిస్తున్నారు. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా స్టీల్ ఫ్లైఓవర్ అన్నప్పుడు 812 చెట్లు పోతాయన్నారు. ఆ అక్టోబర్ 16న ఆదివారం పొద్దున మా అమ్మాయిని భుజాల మీద కూర్చోబెట్టుకుని మానవహారంలో నిల్చున్నాను. నా పక్కన ఒక తమిళ పెద్దావిడ, ఇటుపక్క ఒక కన్నడ కాలేజీ కుర్రాడు. 2017 మార్చిలో ఆ ప్రాజెక్టు రద్దయింది. ఇప్పటికీ ఆ రోడ్డున పోతుంటే పైకి చూస్తాను.

50 కంటే ఎక్కువ చెట్లు తీయాల్సి వస్తే పబ్లిక్ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు అడగాలని ఇక్కడ రూల్. దానికి లోపు అయితే మనకు తెలిసేది రంపం చప్పుడు విన్నాకే. పెద్ద పనిని చిన్న ముక్కలుగా చూపిస్తారని జనం ఎప్పటినుంచో అంటున్నది అందుకే. ఇంటి ముందు ఒక్క చెట్టుకైతే నోటీసు ఊసే ఉండదు, ఆ వీధివాళ్ళ కళ్ళే దానికి కాపలా.

చేవెళ్ళ పిల్ల | జనవరి 18, సాయంత్రం 5:25

మాది చేవెళ్ళ దగ్గర. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు పొడవునా ఉన్న మర్రి చెట్ల గురించి వినే ఉంటారు, దాదాపు 900. రోడ్డు వెడల్పు కోసం అవి పోతాయన్నప్పుడు ఏళ్ళ తరబడి కేసు నడిచింది. స్కూల్ బస్సులో పోయేటప్పుడు ఊడలు కిటికీకి తగిలేవి, చెయ్యి పెట్టి పట్టుకునేవాళ్ళం. తెలంగాణలో 2002 నాటి వాల్టా చట్టం ఉంది, దాని కింద అనుమతి కావాలి. అక్కడి వాళ్ళకు ఇక్కడి రూల్ కొత్తేమీ కాదు.

నా డౌట్: నేరేడును వేళ్ళతో సహా తీసి వేరే చోట నాటలేమా?

లాల్‌బాగ్ తాత | జనవరి 18, రాత్రి 8:00

మర్రి, రావి లాంటివి కొమ్మలు కొట్టి, వేరుముద్ద పెద్దగా తీసి, వానలకు ముందు మార్చి, తర్వాత నీళ్ళు పోస్తే చాలావరకు బతుకుతాయి. అంత వయసు నేరేడును 30×40 సైటులోంచి క్రేన్‌తో తీస్తే బతుకుతుందని నేను చెప్పలేను తల్లీ. మూడు నాలుగు నెలలు పచ్చగా కనిపించి, తర్వాత మెల్లగా ఎండిపోయినవి నా కళ్ళతో చూశాను. అక్కడే ఉంచడం కుదురుతుందా అన్నదే ముందు చూడాలి.

కడప సివిల్ | జనవరి 18, రాత్రి 9:45

కుదురుతుంది. వాణి అక్కా, నాలుగడుగులు అన్నారు కదా, అంటే చెట్టు ఫ్రంట్ సెట్‌బ్యాక్‌లోనే, ఇంటి ముందు వదలాల్సిన ఖాళీలోనే, ఉంది. ఇల్లు దాని మీద రాదు. సమస్య వచ్చేది ఆ మూల కాలమ్ ఫుటింగ్‌తోనే, అంటే పిల్లర్ పునాదితోనే. ఐదడుగుల గొయ్యి తవ్వితే ఆ పక్క వేళ్ళు పోతాయి. ఆ కాలమ్‌ను లోపలికి జరిపి, మూలను బీమ్ మీద బయటికి వేలాడేలా డిజైన్ చేయమనండి. స్టీల్ కొంచెం ఎక్కువ పడుతుంది. జేసీబీ వద్దు, ఆ పక్క మనుషులతో గడ్డపారతో తవ్వించండి. లావు వేరు కనిపిస్తే ఆపి ఇంజనీర్‌ని పిలవండి. ఇంకో సంగతి, కాంక్రీటు కలిపిన నీళ్ళు చెట్టు మొదట్లోకి పోనివ్వొద్దు. సైట్లలో చాలా చెట్లు చచ్చేది దానివల్లే.

కగ్గదాసపుర వాణి | జనవరి 25, రాత్రి 9:10

అందరికీ చాలా థాంక్స్. ఆ ఆదివారం ఎవరూ రాలేదు, నేను పొద్దున ఐదున్నరకే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఇంజనీర్ మొదట విసుక్కున్నాడు. సివిల్ తమ్ముడు రాసింది చదివి వినిపించాను. మూడు రోజుల తర్వాత కొత్త డ్రాయింగ్ పంపాడు, అందులో నేరేడు ఉంది! మా అత్తగారి సంగతి నేను అనుకున్నంత కష్టం కాలేదు. వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు నేరేడు ఉండేదట, షుగర్‌కని గింజలు ఎండబెట్టి పొడి కొట్టేవారట. "కాయ కాసే చెట్టును కొట్టిన పాపం నాకొద్దులే" అన్నారు.

తురాయి మాత్రం బాగాలేదు. తాతగారు చెప్పినట్టు కర్రతో తట్టాను. రోడ్డు వైపు డొల్ల శబ్దం. మొదట్లో అరచేయంత గోధుమరంగు బూజు, చెక్కలా గట్టిగా ఉంది. 1533కి ఫోన్ చేశాను.

కగ్గదాసపుర వాణి | మార్చి 3, ఉదయం 10:30

నగరపాలక అరణ్య విభాగం నుంచి వచ్చి చూశారు. లోపల మూడింట రెండు వంతులు కుళ్ళిపోయిందట, తీయక తప్పదన్నారు. మాను మీద పెయింటుతో నంబరు వేసి, నిన్న తీసేశారు. కోసిన చోట చూశాను. బయట రెండు అంగుళాలు గట్టిగా ఉంది, మధ్యలో తడిసిన కాఫీ పొడిలా ఉంది. పోయిన వానాకాలంలో మా పాప స్కూల్ ఆటో రోజూ దాని కిందే ఆగేది. తులసి గారూ, మీరు ఆ మాట చెప్పకపోతే నేను ఆ చెట్టును కూడా ఉంచాలనే పట్టుబట్టేదాన్ని.

ఇప్పుడు బదులు మొక్క సంగతి. మొద్దు గుంతలోనే ఉండిపోయింది. పక్క వీధిలో ఫుట్‌పాత్ పని నడుస్తోంది, రేపో మాపో మా వైపు వస్తారు. వస్తే మొద్దు మీదే బండలు పరిచేస్తారేమో.

మూడో తరం | మార్చి 3, ఉదయం 11:15

పరిచేస్తారు. మా వీధిలో అలా మూడు పోయాయి. ఒకసారి బండ పడ్డాక అక్కడ చెట్టుండేదన్న గుర్తు కూడా ఉండదు. ఈరోజే పని చేయించే ఆయనతో మాట్లాడండి.

లాల్‌బాగ్ తాత | మార్చి 3, మధ్యాహ్నం 12:50

ఇదే అసలైన చోటు అమ్మా. అనుమతి ఇచ్చేటప్పుడు బదులు మొక్క నాటమని షరతు పెట్టే అధికారం వృక్షాధికారికి ఉంది. ఏ జాతి, ఎక్కడ అన్నది ఆర్డర్‌లో రాస్తారు. మెట్రో లాంటి పెద్ద పనుల్లో ఒకటికి పది అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ నలభై ఏళ్ళ చెట్టు నీడ పది చిన్న మొక్కలు కలిసినా రాదు, పైగా ఆ పది ఊరి చివర ఎక్కడో ఉంటే మీ వీధికి ఒరిగేదేముంది? 2021లో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ ఒక చెట్టు విలువ ఏడాదికి రూ. 74,500 అని లెక్క కట్టింది, ఎన్నేళ్ళ చెట్టయితే అన్నిసార్లు. ఆ లెక్కన మీ గేటు ముందు గుంత ఎంత విలువైనదో చూడండి.

1980లలో నేగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఈ ఊళ్ళో 15 లక్షల చెట్లు నాటించారు. పొట్టి మొక్కలు కాదు, మనిషి కంటే ఎత్తైనవి, చుట్టూ కంచె గార్డులతో. ఇవాళ మనం నడిచే నీడలో ఎంతో ఆయన నాటించిందే. 2021లో కోవిడ్‌తో పోయారు. నేను ఆ రోజుల్లో చిన్న ఉద్యోగిని. వారానికి రెండుసార్లు ట్యాంకర్ వెనకాల బకెట్ పట్టుకుని తిరిగిన చేతులివి.

మొద్దును తవ్వించి తీయించండి. గుంత మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ళ వేపపిండి. మళ్ళీ తురాయి వద్దు. కానుగ పెట్టండి, ఇక్కడివాళ్ళు హొంగె అంటారు. వేరు లోతుకు పోతుంది, గాలికి త్వరగా విరగదు, మార్చిలో ఆకు రాల్చి ఎండ ముదిరేలోపే చిగురిస్తుంది. వైర్లు కిందికి ఉంటే మాత్రం ముందే చెప్పండి, పొట్టి జాతి చూద్దాం. నాటడం జూన్‌లో.

బాల్కనీ తులసి | మార్చి 3, మధ్యాహ్నం 1:40

నీళ్ళ గురించి. 2024 మార్చిలో కరువు వచ్చి తోటలకు తాగునీళ్ళు వాడితే రూ. 5,000 జరిమానా అన్నారు, గుర్తుందా? అప్పటినుంచి మా ఇంట్లో ఫిల్టర్ నుంచి వదిలే నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టి పెడతాము. మా అపార్ట్‌మెంట్ ముందు రెండు మొక్కలు ఆ నీళ్ళతోనే మూడు ఎండాకాలాలు దాటాయి. రోజూ కొంచెం కొంచెం పోయకండి, వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు మెల్లగా ఇంకేలా పోయండి. అప్పుడే వేరు కిందికి వెళ్తుంది.

కడప సివిల్ | మార్చి 3, సాయంత్రం 7:20

ఇనుప గార్డు పెడితే రెండో ఏడాది తప్పకుండా విప్పి చూడాలి. మా కొత్త సైటు ముందు ఒక కానుగలోకి గార్డు కడ్డీ సగం దిగిపోయి ఉంది, బెరడు దాన్ని మింగేసింది. కోసి తీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. కట్టడానికి కూడా వైరు వద్దక్కా, కొబ్బరి తాడు చాలు.

కగ్గదాసపుర వాణి | జూన్ 14, రాత్రి 8:45

ఆలస్యంగా రాస్తున్నాను, ఇంటి పని పునాది దాటింది. నేరేడు వైపు గొయ్యి ఇద్దరు మేస్త్రీలు నాలుగు రోజులు గడ్డపారతో తవ్వారు. ఒకచోట నా చేయంత లావు వేరు అడ్డం వచ్చింది, ఇంజనీర్ అక్కడ బీమ్ కింద ఖాళీ వదిలాడు. ఇల్లు లేకపోయినా చెట్టు ఈసారి కూడా కాసింది. కింద పార్క్ చేసిన కార్లన్నీ ఊదారంగు మరకలే. రెండిళ్ళ అవతలి ఆయన కోపంగా వచ్చారు. మా అత్తగారు ఒక గిన్నెడు పళ్ళు ఇచ్చి, కాపు అయ్యేదాకా కారు మీద కప్పమని పాత దుప్పటి కూడా ఇచ్చారు. ఆయన తీసుకున్నారు.

ఫుట్‌పాత్ పనివాళ్ళు రానే వచ్చారు. మొద్దు మీద బండలు దించబోతుంటే మా ఆయన ఆఫీసుకు లీవు పెట్టి గుంత దగ్గరే నిలబడ్డారు. పర్మిషన్ అంటే భయపడిన మనిషే. మేస్త్రీతో కన్నడలో మాట్లాడి, మొద్దు తవ్వే కూలి మేము ఇచ్చి, చోటు వదిలించారు. నిన్న మొదటి గట్టి వాన పడ్డాక కానుగ నాటాం. మొక్క మా పాప కంటే ఒక అడుగు ఎత్తు. పాప రోజూ స్కూల్‌కి వెళ్ళేముందు ఒక చెంబు పోస్తానంటోంది, వారానికి రెండుసార్లే అని నచ్చజెబుతున్నాను.

లాల్‌బాగ్ తాత | జూన్ 15, ఉదయం 6:05

సంతోషం అమ్మా. పొద్దున్నే మంచి మాట చదివాను. ఒక్కటే అడుగుతాను. మొదలు నుంచి బండ దాకా మట్టి ఎంత వదిలారు? నాలుగు వైపులా కొలిచి చెప్పండి. మీటరు ఉండాలి.

కగ్గదాసపుర వాణి | జూన్ 15, సాయంత్రం 6:30

కొలిచాను తాతగారూ. మూడు వైపులా మీటరు పైనే ఉంది. రోడ్డు వైపు 60 సెంటీమీటర్లే వచ్చింది. మేస్త్రీ రేపు పొద్దున వచ్చి ఆ ఒక్క బండా తీస్తానన్నాడు.